ముందొచ్చిన పెట్టె

నేను ఒక టేకు పెట్టెను. పోపులపెట్టెగానో నగలపెట్టెగానో పుట్టి ఉంటే నా కథ ఇంత దూరం వచ్చేది కాదు. వాటిని ఆడవాళ్ళు తెరుస్తారు, మూస్తారు, తోటికోడలి మీద కోపం వస్తే కాస్త గట్టిగా మూస్తారు. అంతటితో సరి. నేను ఓడ ఎక్కాను. ఎక్కడమే కాదు, ఓ మనిషి నిక్షేపంలా బతికి ఉండగా అతని శవంగా పనిచేశాను. ఆ ఉద్యోగం నేను అడిగి తెచ్చుకున్నది కాదు. కులపెద్ద పిలిచి ఇచ్చాడు.

కోరంగి రేవులో తెరచాప ఓడలు బారులు తీరి నిలబడే రోజులవి. ఆ రేవుకు కాస్త ఎడంగా, మడచెట్ల మధ్య, మడపేట అని ఓ పల్లె. అక్కడి మగవాళ్ళలో సగంమంది ఓడలు కట్టేవాళ్ళు, తక్కిన సగంమంది అవి ఎక్కి పోయేవాళ్ళు. పోయినవాళ్ళు వచ్చేదాకా ఎదురుచూడటం ఆడవాళ్ళ పని. దానికి కూలి లేదు, సెలవూ లేదు.

నన్ను చేసిన గవరయ్య ఓడలు కట్టేవాడు. అతనికి ఒక్కతే కూతురు, మరిడి. తల్లి చిన్నప్పుడే పోతే ఆ పిల్ల తండ్రి పాకలోనే, చిత్రిక పట్టిన పొట్టులో దొర్లి పెరిగింది. ఆ ఊళ్ళో ఓ ఆచారం ఉంది. కొత్త ఓడను నీళ్ళలోకి దింపేముందు దాని మూతికి పసుపు రాసి బొట్టు పెట్టాలి. తొలి పసుపు, కట్టినవాడి ఇంటి ఆడపడుచు చేతిది. మరిడి చెయ్యి మూతికి అందనంత చిన్నప్పుడు గవరయ్య భుజం మీద ఎక్కించుకుని మరీ రాయించేవాడట. ఆ పసుపు చెయ్యంటే ఆ పిల్లకు ఎంత గర్వమో ఊరందరికీ తెలుసు. ఓడ దిగిన రోజు సాయంత్రందాకా చెయ్యి కడుక్కునేది కాదు.

మరిడికి పెళ్ళి కుదిరింది. వరుడు పోతయ్య, కళాసీ. అంటే ఓడ మీద తెరచాపలు ఎత్తి దించే మనిషి. కళాసీకి ఓడలో తనదంటూ ఉండేది బట్టలపెట్టె ఒక్కటే. అందుకని గవరయ్య, ఓ ఓడకు పలకలు కొట్టగా మిగిలిన బర్మా టేకు తీసి అల్లుడికోసం నన్ను చేశాడు. పెట్టెకు పెట్టెపని చేస్తే చాలు కదా. ఆయన ఓడపని చేశాడు. సందుసందునా నూలుపీచు కూరి, గుగ్గిలమూ నూనే కాచిన ముద్ద పట్టించాడు. మూత మీద రెండు చేపలు చెక్కాడు. ఉలి జారి ఒకదానికి కన్ను పడలేదు.

"ఇది మునిగితే నా సెయ్యి నరుక్కుంటాను" అన్నాడు గవరయ్య, నా వీపు చరిచి.

"పెట్టె సేయించింది నీళ్ళలో ఎయ్యడానికా అయ్యా?" అంది మరిడి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వేదాన్నే, కొత్త బందులు బిగుసుకుని ఉండకపోతే.

పోతయ్య మంచివాడు. పెద్ద ముక్కూ, దానికింద ఊడ్చేసినట్టుండే సన్నటి మీసమూ. పని చేసేటప్పుడు నాతో మాట్లాడే అలవాటు ఉండేది. ఓడ పేరు జలలక్ష్మి. ఆ ఓడలో మడపేట మనిషి అతనొక్కడే, మిగతా కళాసీలు తలో ఊరివాళ్ళు. అందుచేత మనసువిప్పి మాట్లాడటానికి అతనికి దొరికింది నేనే. బర్మాలో మరిడికోసం దంతపు దువ్వెన కొన్నాడు. దాన్ని నాలో పెట్టి రోజూ ఓసారి తీసి చూసుకుని మళ్ళీ పెట్టేవాడు. మగవాళ్ళు దువ్వెనను అంత ప్రేమగా చూడటం నేను ఆ తరవాత ఎక్కడా చూడలేదు.

తిరుగు ప్రయాణంలో, కార్తీకమాసంలో, మా తీరం ఇంకా కనుచూపుకు ఆననంత దూరంలో తుఫాను పట్టింది. తుఫాను గురించి వర్ణనలు మీరు చాలా చదివి ఉంటారు. లోపల ఉన్నవాళ్ళకు అదేమీ అంత గంభీరంగా ఉండదు. తడిగా ఉంటుంది, వాంతులవుతాయి. ఓడ ఓ పక్కకు ఒరిగిపోయింది. ఓడను నడిపే తండేలు అరిచాడు: "బరువు దించండిరా! ముందు పెట్టెలు గెంటండి!"

ఓడ నిండా షావుకారుగారి సరుకు ఉంది. ఒక్కో దుంగ పది పెట్టెల బరువు. కానీ దుంగ గెంటితే షావుకారుకు జవాబు చెప్పాలి. కళాసీల బట్టలు గెంటితే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. కాబట్టి ముందు పెట్టెలు. ప్రాణం మీదికి వచ్చినా తండేలు లెక్క తప్పలేదు.

పోతయ్య నన్ను రెండు చేతులా ఎత్తి, అంచుకు ఆనించి, చేపల మీద చెయ్యి వేశాడు. "పో. మీ అయ్య మునగవన్నాడుగా. పోయి మరిడికి సెప్పు, నేను వస్తన్నానని."

విసిరేశాడు.

మిగతా పెట్టెలు బుడుంగుమన్నాయి. నేను తేలాను. గవరయ్య పనితనం అలాంటిది. ఆ రోజు నేను కూడా బుడుంగుమని ఉంటే మరిడి బతుకు వేరే దారిన పోయేది. నాసిరకం పని చేసే వడ్రంగి కూతురికి ఇన్ని కష్టాలు రావు.

అలలు నన్ను నేరుగా మడపేట ఒడ్డుకే తెచ్చి పడేశాయి. ఊరు అప్పటికే తుఫాను దెబ్బకు తల్లడిల్లి ఉంది. ఆడవాళ్ళు ఒడ్డున కొట్టుకొచ్చిన కర్రలు ఏరుకుంటున్నారు. నన్ను ముందుగా చూసింది మరిడే. గుడ్డిచేపను చూసింది. ఏడవలేదు. అక్కడే ఇసుకలో కూలబడి, నా మూత మీద ఇసుక చేత్తో తుడుస్తూ కూర్చుంది.

గవరయ్య పరుగున వచ్చాడు. మూత తెరిచాడు. లోపల బట్టలు పొడిపొడిగా ఉన్నాయి, చుక్క నీరు దిగలేదు. ఆయన మొహం ఒక్క రెప్పపాటు వెలిగింది. పనివాడి బుద్ధి. ఆ తరవాత కూతురి మొహం చూసి, ఆ వెలుగును ఎక్కడ దాచుకోవాలో తెలియక తల తిప్పుకున్నాడు.

సముద్రంలో పోయినవాడి శరీరం దొరక్కపోతే, ఒడ్డుకు వచ్చిన అతని వస్తువే శరీరమని అక్కడి ఆచారం. కులపెద్ద వీరాసామి కర్ర తాటించుకుంటూ వచ్చి చూశాడు. "ఇంకేటి సూత్తారు? పెట్టె వొదిలి కళాసీ ఎక్కడికి పోతాడు? ఓడ మునిగిపోయింది. కానివ్వండి" అన్నాడు.

కానిచ్చారు. నాకు నీళ్ళు పోశారు. తెల్లగుడ్డ కప్పారు. పోతయ్య తల్లి చంద్రమ్మ నా మీద పడి గుండెలు బాదుకుంది. మరిడి చేతులు పట్టుకుని నా మూత మీద ఆనించి, రాయితో గాజులు పగలగొట్టారు. ఆ రాతిదెబ్బలు ఇప్పటికీ చేపల పక్కన ఉన్నాయి. అన్నం ముద్దలు పెట్టారు. కాకి వచ్చి తిన్నది. పోతయ్య తృప్తి పడ్డాడని అందరూ కళ్ళొత్తుకున్నారు. ఆ వేళకు పోతయ్య ఎక్కడో గాలికి కొట్టుకుపోతున్న ఓడలో ఆకలితో నకనకలాడుతున్నాడు. మింగింది కాకి.

నేనేమీ చెప్పలేదు. అతనిచ్చిన కబురు నా కడుపులోనే ఉంది. మూత తెరిచి బట్టలు తీశారు, దువ్వెన తీశారు, కబురు మాత్రం ఎవరికీ కనిపించలేదు. దువ్వెనను చంద్రమ్మ పక్కకు లాగేసింది. "ముండమోసినదానికి దువ్వెనెందుకింక?" అంది.

కర్మ అయ్యాక నన్ను కాల్చాలి. అదీ ఆచారమే. వీరాసామి నన్ను వేలితో కొట్టి చూశాడు, వంగి వాసన చూశాడు. "బర్మా టేకు" అన్నాడు తనలో తాను. పైకి మాత్రం, "పెట్టెకి బదులు కొబ్బరిమట్ట కాల్సినా సాత్రం ఒప్పుకుంటాది" అన్నాడు. శాస్త్రం ఎంతో మంచిది. పెద్దవాళ్ళు ఏది అడిగినా ఒప్పుకుంటుంది. అలా నేను వీరాసామి ఇంటికి చేరాను. ఆయన పెళ్ళాం నాలో ఎండుమిరపకాయలు పోసింది. శవానికి అంత ఘాటైన పరలోకం ఇంకెవరికీ దొరికి ఉండదు.

మరుసటి వానాకాలం వెళ్ళాక పోతయ్య వచ్చాడు.

తెరచాప కొయ్యలు విరిగిన జలలక్ష్మి లంక తీరానికి కొట్టుకుపోయిందట. అక్కడ మరమ్మతుకు నెలలు పట్టిందట. అతను కోరంగిలో దిగి, నడుచుకుంటూ, మరిడి ఎలా పరిగెత్తుకుని వస్తుందో ఊహించుకుంటూ వచ్చి ఉంటాడు. ఊరి మొదట ఎదురైనవాడు దయ్యమని పరిగెత్తాడు. చంద్రమ్మ వచ్చి ముక్కు పట్టుకు చూసి, "నా కొడుకే!" అని మీద పడిపోయింది. మరిడి పాక గుమ్మంలో నిలబడిపోయింది. బోసి చేతులతో.

ఇంతలో వీరాసామి కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగు. అడుగు లోపలెట్టకు. నీకు కర్మ సేసేశాం."

"బతికే ఉన్నాను గదా పెద్దయ్యా!"

"నువ్వు బతికుండొచ్చు. కర్మయితే అయిపోయింది."

ఊరు ఊరంతా తల పట్టుకుని కూర్చుంది. చచ్చాడని తేల్చడానికి పూట పట్టలేదు. బతికున్నాడని తేల్చడానికి వారం పట్టింది. చివరికి వీరాసామే దారి చూపించాడు. కర్మ జరిగిన మనిషి మళ్ళీ పుట్టాలి. పుట్టిన బిడ్డను చేటలో తవుడు పోసి పడుకోబెట్టినట్టు పోతయ్యనూ పడుకోబెట్టాలి, బారసాల చేసి కొత్త పేరు పెట్టాలి.

పోతయ్య చేటలో కూర్చుంటే చేట కనిపించలేదు. ఆడవాళ్ళు ఊరుకుంటారా!

"ఓయమ్మో, పిల్లోడు పుడతానే మీసాలతో పుట్టాడే!"

"పాలు పట్టండే, గుక్కెట్టి ఏడుత్తాడు."

"సంటోడా, సుట్ట కాలుత్తావా?"

పోతయ్య కూడా నవ్వాడు. సంద్రం తిరిగి ఇచ్చింది కాబట్టి సంద్రయ్య అని పేరు పెట్టారు. తన పెట్టె ఏదని అడిగాడు. వీరాసామి పెళ్ళాం విసుక్కుంటూ మిరపకాయలు కుమ్మరించి నన్ను ఇచ్చింది. అతను నా చేపల మీద చెయ్యివేసి, "సెప్పమంటే ఏం సెప్పావే?" అన్నాడు. నాకు నోరు లేదని అతను ఒక్కడే మరిచిపోయాడనుకున్నాను. కాదు, ఊరంతా మరిచిపోయింది. నేను ఏదో చెప్పానని ఊరు, చెప్పలేదని అతను.

నవ్వులు అక్కడితో అయిపోయాయి. మరిడి సంగతి వచ్చింది.

"పోతయ్య సచ్చిపోయాడు. వోడి పెళ్ళాం ముండమోసింది" అన్నాడు వీరాసామి నింపాదిగా. "ఈడు సంద్రయ్య. నిన్న పుట్టాడు. ఈడికి పెళ్ళామెక్కడిది?"

"అయితే నా కొడుక్కి కన్నెపిల్లని తెత్తాను" అంది చంద్రమ్మ, కొడుకు మళ్ళీ పుట్టిన సంబరంలో.

పోతయ్య చేట పక్కకు తన్నేశాడు. "నిన్న పుట్టినోణ్ణి, నాకు బుద్ది తెలీదు. నాకు మరిడే కావాలి. లేపోతే గుక్కెట్టి ఏడుత్తాను."

సరే, మరిడే కావాలంటే దానికీ పద్ధతి ఉంది. ఆ కులంలో మొగుడు పోయిన ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. దాన్ని మారుమనువు అంటారు. పందిరి ఉండదు, మేళం ఉండదు. పెరటివైపు నిలబెట్టి చీర ఇచ్చి తాళి కట్టిస్తారు. మారుమనువు చేసుకున్న ఆడది కాపురం చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. శుభకార్యంలో మాత్రం ముందుకు రాకూడదు, పేరంటానికి పిలవరు. పోతయ్యకేమో ఇది మొదటి పెళ్ళి, నిన్ననే కదా పుట్టింది! కాబట్టి అతనికి వీధి వాకిట్లో నలుగు పెట్టి, బాసికం కట్టారు. మరిడి పెరటి గుమ్మంలోంచి వచ్చి, తన మొగుణ్ణే రెండో మొగుడిగా చేసుకుంది.

"ఎలాగున్నాడే నీ కొత్త మొగుడు?" అని అడిగింది పక్కింటావిడ.

"ఏముంది. మొదటోడు పోయాడు గదా, పోన్లే అనుకుంటే రెండోవోడూ అదే ముక్కేసుకొచ్చాడు" అంది మరిడి.

నవ్వింది కూడా. ఆ నవ్వు ఎంతవరకూ నిజమో గవరయ్య తరవాతి ఓడ దింపేరోజున తేలిపోయింది. పసుపు గిన్నె పట్టుకుని అలవాటుగా ముందుకు అడుగేసింది. ఎవరో మోచెయ్యి పట్టుకుని ఆపారు. గట్టిగా కూడా కాదు, మెత్తగా, ఏదో మరిచిపోయినదానికి గుర్తుచేసినట్టు. గిన్నె వేరేవాళ్ళ చేతికి మారింది. ఓడ నీళ్ళలోకి జారుతుంటే అందరూ కేకలు పెట్టారు. మరిడి వేళ్ళకు అంటిన కాస్త పసుపును కొంగుకు తుడుచుకుంది. మగవాడి చావును చేటలో తవుడు పోసి సరిచేయొచ్చు. ఆడదాని గాజు పగిలిందంటే పగిలిందే.

ఆ గొడవలన్నీ పక్కన పెడితే వాళ్ళ కాపురం బాగుండేది. పోతయ్య రొయ్యల వేటకు పోయి వచ్చేవాడు. ఆమె అతన్ని "రెండో మావా" అని పిలిచేది. అతను ఉడుక్కునేవాడు. కానీ ఒకసారి తెరచాప ఎక్కినవాడికి వలతాడు పట్టుకోవడం చేతకాదు. మళ్ళీ జలలక్ష్మి ఎక్కుతానన్నాడు.

ఏడ్చి లాభం లేదని మరిడికి తెలుసు. ఒక్క షరతు పెట్టింది.

"పెట్టె మాత్రం నీతో రాదు."

"పెట్టె లేకుండా కళాసీ ఏటే? నవ్వుతారు."

"నవ్వనీ. అది నీకంటే ముందొచ్చుద్ది. దాని తొందర నాకొద్దు. నువ్వు ముందు రా, పెట్టె సంగతి తర్వాత."

అతను బట్టలు మూటగట్టుకుని పోయాడు. నన్ను గోనె చుట్టి గవరయ్య పాకలో దుంగల వెనక దాచారు. ఊరికి చెప్పలేదు. పెట్టె లేకుండా పోతే అపశకునమని చంద్రమ్మ గోల పెడుతుందని.

ఆ ఏడు కూడా తుఫాను వచ్చింది. జలలక్ష్మితో పాటు బయలుదేరిన ఓడల్లో కొన్ని తిరిగి వచ్చాయి. ఓ ఓడ కళాసీలు కోరంగి రేవులో చెప్పారట, జలలక్ష్మి మాకు ఆ పక్కనే ఉండింది, ఓ పెద్ద అల లేచింది, అల దిగాక ఓడ లేదు అని. ఒడ్డుకు ఏదీ రాలేదు. ఒక్క పలక కూడా.

ఏళ్ళు గడిచాయి. మరిడి కళాసీల మాట నమ్మింది. వీరాసామి నమ్మలేదు.

ఆమె అడిగింది పెద్దదేమీ కాదు. అన్నం పెట్టనివ్వమంది. కర్మ జరగనివాడు నీళ్ళ మీద ఆకలితో తిరుగుతాడని చిన్నప్పటినుంచి విన్న మాట. విన్నది నిజమో కాదో పక్కన పెట్టండి. మొగుడు ఆకలితో ఉన్నాడని అనిపిస్తుంటే ఏ ఆడదానికి ముద్ద దిగుతుంది?

"బతికున్నప్పుడు కాకికి పెట్టారు గదా పెద్దయ్యా" అంది వీరాసామి వాకిట్లో నిలబడి. "ఇప్పుడు నిజంగా పోయాడు. ఇప్పుడు పెట్టండి."

"అందుకే పెట్టం. బతికున్నోడికి కూడెట్టి ఒకసారి పాపం మూటగట్టుకున్నాం. మళ్ళీనా? ఒడ్డుకి ఏదన్నా వచ్చిందా?"

"రాలేదు."

"వొస్తువు లేకుండా కర్మ సెయ్యం. పో, బొట్టు దిద్దుకో. మొగుడు పోయాడని నీ నోటితో అనకు, అరిష్టం."

ఏడవటానికి కూడా అనుమతి లేదన్నమాట. పేరంటానికి పిలవరు, విధవ అననివ్వరు. మొగుడు ఉండగా ముండమోయించారు, పోయాక మోయనివ్వరు. ఆమె వాకిలి దిగి నేరుగా తండ్రి పాకకు వచ్చింది. నా గోనె విప్పింది.

"అయ్యా, ఇది ఇంకా తేలుద్దా?"

గవరయ్యకు అప్పటికి చూపు ఆనడం లేదు. కూతురు ఏమడుగుతోందో మాత్రం వెంటనే అర్థమైంది. నూలుపీచు తెమ్మన్నాడు, గుగ్గిలం కాయమన్నాడు. నా సందులన్నీ వేళ్ళతో తడుముకుంటూ మళ్ళీ కూరాడు. ఈసారి, మునిగితే చెయ్యి నరుక్కుంటానని మాత్రం అనలేదు.

పడవలన్నీ వేటకు పోయి, ఒడ్డు ఖాళీగా ఉన్న ఓ పొద్దుటిపూట, పోటు తీసే వేళకు నన్ను నీళ్ళలోకి తెచ్చారు. మరిడి లోపల పోతయ్య పాత పంచె ఒకటి పెట్టింది. నడుములోతుదాకా దిగి, గుడ్డిచేప మీద చెయ్యి వేసింది.

"ఈసారన్నా నిజం సెప్పు" అంది.

నెట్టింది.

ఇంత బరువైన సరుకు నేను ఎన్నడూ మోయలేదు. నీళ్ళు నన్ను లోపలికి లాగాయి, తిప్పాయి, ఎండలో ఎండగట్టాయి. ఎటైనా పోవచ్చు. ఇంకే ఊరి ఒడ్డుకో చేరి, ఎవరి ఇంట్లోనో మిరపకాయలు మోస్తూ బతకొచ్చు. కానీ సముద్రం నన్ను మళ్ళీ మడపేట ఇసుక మీదికే తెచ్చి పెట్టింది. జన్మలో మొదటిసారి నాకు గర్వమనిపించింది. చెప్పిన పని చేశాను. ఇంక వాళ్ళు కర్మ చేస్తారు. అతనికి అన్నం దొరుకుతుంది, ఆమెకు ఏడుపు దొరుకుతుంది.

ఊరంతా చేరింది. మరిడి వచ్చి గుంపు వెనక నిలబడింది. వీరాసామి ముసలివాడైపోయాడు, ఇద్దరు పట్టుకుని తెచ్చారు. వంగి నా మూత చూశాడు. గుడ్డిచేపను చూశాడు. పాత రాతిదెబ్బలు తడిమాడు.

ఫక్కున నవ్వాడు.

"ఓరి నీ! ఈ పెట్టేనంట్రా? మళ్ళీనా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరవాత నవ్వు ఒడ్డు పొడుగునా అంటుకుంది.

"పోయినసారి ఏం జరిగింది? పెట్టె ముందొచ్చింది, మనిషి ఎనకాలొచ్చాడు. ఇంకేం కావాలి? సంద్రయ్య వస్తన్నాడు! ఇది మనల్ని ఒకసారి మోసం సేసింది, రెండోసారి మనం మోసపోతామా?"

ఆడవాళ్ళు పరిగెత్తి కుంకుమ తెచ్చారు. ఇన్నేళ్ళూ పేరంటానికి పిలవనివాళ్ళే మరిడి నుదుటి నిండా బొట్టు పెట్టారు. ఎవరో తలలో పూలు తురిమారు. చంద్రమ్మ నన్ను వాటేసుకుని, "నా కొడుకొస్తన్నాడే! నా నాయనొస్తన్నాడే!" అని చిన్నపిల్లలా ఊగిపోయింది.

మరిడి నోరు తెరిచింది. ఈ పెట్టెను నేనే నెట్టాను అని ఆ నోట్లో ఉంది, నాకు కనిపించింది. అత్త మొహం చూసింది. నోరు మూసేసింది.

పోతయ్య నాకు ఓ కబురు ఇచ్చాడని చెప్పాను కదా. పోయి సెప్పు, వస్తన్నానని. ఆ కబురును నేను చేరవేసింది ఆ రోజున. అతను బతికుండగా మోసుకొస్తే చచ్చాడని విన్నారు. చచ్చాక ఉత్తచేతులతో వస్తే, వస్తున్నాడని విన్నారు.

మరిడి నన్ను ఇంటికి తీసుకుపోయి పెరట్లో పెట్టింది. ఆ అమావాస్యకు వేడన్నం వండింది, ఎండురొయ్యల కూర చేసింది. ఇత్తడి పళ్ళెంలో వడ్డించి నా మూత మీద పెట్టి, పక్కకు జరిగి నిలబడింది. కాకి వచ్చి వాలింది. తిన్నది. అరిచింది.

"కాకి అరుత్తుందే మరిడీ! సుట్టమొత్తాడు!" అంది పక్కింటావిడ గోడ మీంచి.

"ఆఁ, వొత్తాడు" అంది మరిడి.

అప్పటినుంచి ప్రతి అమావాస్యకూ అంతే. అది పిండమని తెలిసింది ఆమెకూ, గవరయ్యకూ, కాకికీ, నాకూ. ఊరికి మాత్రం అది ఎదురుచూపు. మొగుడు ఏ క్షణాన వస్తాడోనని పళ్ళెం సిద్ధంగా ఉంచే మహా ఇల్లాలు. కొత్తకోడళ్ళను తీసుకొచ్చి చూపించేవాళ్ళు. తద్దినం పెడుతున్న ఆడదాని కాళ్ళకు దణ్ణం పెట్టించి, ముత్తయిదువ ఆశీర్వాదం తీసుకోమనేవాళ్ళు. అలాంటప్పుడు మరిడి పెదవి చివర ఓ చిన్న ముడత పడేది. ఇన్నాళ్ళకు ఊరికి తను వండిపెట్టిన కూర అది. వాళ్ళు లొట్టలేసుకుంటూ తినేవాళ్ళు.

ఓ అమావాస్య రోజున చంద్రమ్మ గోడ పట్టుకుంటూ పెరట్లోకి వచ్చింది. పళ్ళెం తడిమి చూసింది. రొంటినుంచి దంతపు దువ్వెన తీసి మరిడి చేతిలో పెట్టింది. తరవాత నెమ్మదిగా అంది: "ఇంకో ముద్దెయ్యి. వోడికి ఒక్కటి సాలదు."

వేసింది. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాకి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

మరిడి ముసలితనంలో పోయింది. మొగుడు పోయిన దాఖలా లేదు కాబట్టి, ముత్తయిదువ సావు అన్నారు. ఒళ్ళంతా పసుపు రాశారు. ఓడ మూతికి రాయబోతే మోచెయ్యి పట్టుకుని ఆపిన ఊరు, కట్టె మీద పడుకున్నాక చేతులకూ పాదాలకూ ముద్దలు ముద్దలుగా పట్టించింది. ఎంత పుణ్యవతో అని పాటలు కట్టారు.

ఆ తరవాత నేను చాలా చేతులు మారాను. వడ్లు మోశాను, పాత ఇనుము మోశాను, ఓ ఇంట్లో నాలో కోడిగుడ్లు పొదిగించారు. ఇప్పుడు ఓ ప్రదర్శనశాలలో అద్దం వెనక ఉన్నాను. పక్కన చీటీ ఉంది: తుఫానులో మునిగిన ఓడ నుంచి ఒడ్డుకు చేరిన నావికుని పెట్టె, భర్త రాకకై జీవితాంతం ఎదురుచూసిన ఇల్లాలు భద్రపరిచినది. చూపించే ఆయన పుల్లతో చేపను చూపించి, కన్ను లేకపోవడం ఆనాటి నావికుల వైరాగ్యానికి గుర్తని చెబుతాడు. ఉలి జారిందయ్యా. రాతిదెబ్బలు ఓడదొంగల గొడ్డలివట. మూత మధ్యన ఉన్న తెల్లటి వలయం సముద్రపు ఉప్పట. కొత్తగా పెళ్ళైనవాళ్ళు నా ముందు నిలబడి ఫొటోలు దిగుతారు.

మొన్నొకావిడ వచ్చింది. చేతిలో సంచీ, మొహంలో ఎప్పుడు ఇంటికి పోతామా అన్న విసుగు. చీటీ చదవలేదు. ఆ వలయాన్ని చూసి అద్దం దగ్గరికి వంగింది.

"చూశారా, వేడివేడి పళ్ళెం తెచ్చి పెట్టేశారు ఎవరో. అదీ ఒకసారి కాదు. బంగారంలాంటి చెక్క!"

"పదవే, టైమవుతోంది" అన్నాడు భర్త.

ఆవిడ వెళుతూ వెళుతూ మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరికి వడ్డించిందో, పాపం" అంది.